పిల్లలు విదేశాల్లో నోరు విప్పితే ఇంట్లోవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆగస్టు దగ్గరపడితే విశాఖ ద్వారకానగర్‌లోని విదేశీ చదువుల కన్సల్టెన్సీల్లో రద్దీ. వీసా, ఫీజు, పచ్చళ్ల ప్యాకింగు అన్నీ చూసుకుంటాం. అక్కడికెళ్లాక మన పిల్లలు ఏ దేశ ప్రభుత్వాన్నైనా గట్టిగా విమర్శిస్తే ఆ సెగ విశాఖలో ఉన్న మనకూ తగలొచ్చని ఎవరూ చెప్పరు. విమర్శించినవాళ్లను కదిలించలేనప్పుడు కన్నవాళ్లను కదిలిస్తారు.

దీనిమీద చట్టాలు వచ్చాయి. బ్రిటన్‌లో 2023 జాతీయ భద్రతా చట్టం కింద విదేశీ జోక్యానికి, అంటే పరాయి ప్రభుత్వం తరఫున బెదిరించి ఒత్తిడి తేవడం లాంటివాటికి, 14 ఏళ్ల దాకా జైలు. ఆస్ట్రేలియాలో 2018 నుంచే 20 ఏళ్ల దాకా ఉంది. పరాయి ప్రభుత్వం తరఫున బెదిరిస్తే కెనడాలో 2024 సవరణల ప్రకారం యావజ్జీవం కూడా పడొచ్చు. అమెరికాలో బిల్లులు నలుగుతున్నాయి గానీ, కేసులు పాత సెక్షన్లతోనే నడుస్తున్నాయి. న్యూయార్క్ చైనాటౌన్‌లో చైనా ప్రభుత్వం కోసం రహస్య పోలీస్ స్టేషన్ నడిపిన కేసులో 2024 డిసెంబరులో ఒకరు నేరం ఒప్పుకున్నది కూడా చైనా ఏజెంటుగా పనిచేసేందుకు కుట్ర చేశానని.

అయితే బెదిరించినవాడి వెనక ప్రభుత్వం ఉందని తేల్చాలి, చిక్కంతా అక్కడే. ఫోన్లో తిట్టినవాడు రసీదు ఇవ్వడు కదా! అందుకే వాట్సాప్ బెదిరింపు వస్తే నంబరు, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. వాయిస్ మెసేజ్ ఉంటే వేరేగా దాచండి. బ్లాక్ చేయడం ఆ తర్వాతే, చాట్ మాత్రం డిలీట్ చేయొద్దు. ‘పిల్లలకు టెన్షన్ ఎందుకు’ అని దాచకండి, అక్కడి పోలీసులకు చెప్పుకోవాల్సింది వాళ్లే.

ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌ని ‘పైన మేడంగారబ్బాయి ఏ ఊళ్లో ఉంటాడు’ అని ఎవరడిగినా చెప్పేస్తాడు, పాపం. ముందే చెప్పి ఉంచండి. పోలీసులమంటూ మఫ్టీలో వస్తే ‘కూర్చోండి సార్, రాసుకుంటాను’ అని పేరు, స్టేషను, ఐడీ కార్డు అడగండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు. సాక్షిగా పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లనూ, 60 దాటిన మగవాళ్లనూ స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటి దగ్గరే విచారించాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 179వ సెక్షన్ చెప్పేది ఇదే.

వెళ్లేముందు పిల్లల ఫోన్లోనూ, మీ ఫోన్లోనూ వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ (అదనపు పిన్ నంబరు) పెట్టించండి. వాట్సాప్ లింక్డ్ డివైజెస్‌లో తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందేమో చూడండి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు నంబరు కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించండి.

‘మీవాణ్ణి అరెస్ట్ చేశాం, డబ్బు వేయండి’ అన్నారంటే ముందు మోసగాళ్లనే అనుకోండి. ఫోన్ పెట్టేసి పిల్లలకు నేరుగా చేయండి. ఈపాటికే డబ్బు వేసేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి.