బరంపురం ఎండల్లో ఒక పూట షికారు: పొద్దున్న పదిలోపు ఇల్లు చేరే పద్ధతి

ఏప్రిల్, మే నెలల్లో మన ఒడిశా బరంపురం నుంచి వెళ్లే షికారు బాగుపడ్డా చెడినా బయల్దేరే వేళ మీదే ఉంటుంది. తీరిగ్గా టిఫిను తిని, తొమ్మిదింటికి తాళం వేసి, పదింటికి గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డు ఇసుకలో దిగితే అరగంటకే పిల్లలు నీడకోసం గోల పెడతారు. మే మధ్యలో ఇక్కడ ఐదుంపావుకల్లా పొద్దు పొడుస్తుంది. హైదరాబాదు కంటే మనం బాగా తూర్పున ఉన్నాం కాబట్టి సూర్యుడు అక్కడికంటే సుమారు 25 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. అక్కడి చుట్టాలు చెప్పే వేళలు ఇక్కడ పనికిరావు. నాలుగున్నరకు గడప దాటాలి, తొమ్మిదికల్లా వెనక్కి తిరగాలి, పదింటికి ఇంట్లో ఉండాలి. అది కుదరకపోతే సాయంత్రం నాలుగున్నర తర్వాతే బయల్దేరండి.

సముద్రం పక్కనుంటే చల్లగా ఉంటుందన్న నమ్మకం సగమే నిజం. గాలి వీస్తుంది, నిజమే. కానీ ఆ గాలి తేమతో బరువెక్కి ఉంటుంది, చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే లోపలి జిల్లాల్లో 40 డిగ్రీల పొడి ఎండలో తిరిగొచ్చినవాళ్లు కూడా మన తీరంలో 35 డిగ్రీల ఉక్కపోతకు తల తిరిగి కూర్చుండిపోతారు. రేడియోలో చెప్పే డిగ్రీలను మాత్రమే చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ముందు రోజు రాత్రి చేయాల్సినవి

ఆటో రాత్రే మాట్లాడుకోండి, ఆగే సమయంతో కలిపి. మొదటి బస్సు కోసం కాచుకుంటే చల్లని గంట కాస్తా రోడ్డు మీదే అయిపోతుంది.

నీళ్లు మనిషికి గంటకు అర లీటరు లెక్కన పెట్టుకోండి. ఐదు గంటలకు రెండున్నర లీటర్లు. నలుగురు వెళితే పది లీటర్లు, అంటే నిజంగానే బరువు. అందులో రెండు సీసాలను ముప్పాతిక దాకా నింపి, పక్కకు వంచి ఫ్రీజర్లో పెట్టండి. నిండా నింపితే మంచు ఉబ్బి సీసా పగులుతుంది. వంచి పెడితే మంచు ఒక పక్కనే గడ్డకడుతుంది, పొద్దున్న మిగతా జాగాలో మామూలు నీళ్లు పోసుకోవచ్చు. తడిపి పిండిన గమొచ్చా (పలుచని తువ్వాలు) ఆ సీసాలకు చుట్టండి. చెమట బాగా పట్టేవాళ్లకు వేరే సీసా ఒకటి కలపండి: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో సమంగా కొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. మన కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

చద్దన్నం కట్టుకోవడం

ఇక్కడ పఖాళ అనండి, తరవాణి అన్నం అనండి, ఎండపూట షికారుకు దీన్ని మించిన కేరేజీ లేదు. నీళ్లు, ఉప్పు, తిండి మూడూ ఒకే గిన్నెలో వస్తాయి. ఇద్దరికి ఒక గ్లాసు ఉప్పుడు బియ్యం చాలు. పచ్చిబియ్యం నానాక చితికిపోతుంది, ఉప్పుడు బియ్యం మెతుకు మెతుకుగా నిలుస్తుంది. అన్నం మామూలుకంటే ఒక్క పిసరు మెత్తగా వండి, గంజి వార్చి, వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చండి. వేడి మీద నీళ్లు పోస్తే మెతుకులు జిగురుపట్టి పొద్దున్నకు వాసన వస్తుంది. ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. అలాగని గంటలకొద్దీ ఆరబెట్టడమూ మంచిది కాదు, చెయ్యి పెడితే వెచ్చదనం తగలనప్పుడు పనిలోకి దిగండి.

అన్నం మట్టికుండలోకి తీసి, మీద మూడు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, పలుచని గుడ్డ కట్టండి. రాత్రి ఎనిమిదికి పోస్తే మే నెలలో తెల్లారి నాలుగుకు సరిగ్గా పులుస్తుంది. అంతకు ముందే, సాయంత్రం ఐదింటికే పోసేస్తే పులుపు ముదిరి ముక్కుకు కొడుతుంది. ఉప్పు, పెరుగు రాత్రి వేయకండి. పెరుగు పొద్దున్న బయల్దేరేముందు, ఉప్పు తినేముందు. స్టీలు కేరేజీలో పోసి, ఆ మంచు సీసా పక్కనే ఆనించి పెట్టండి. ఎనిమిదింటికి తినేయాలి, పదింటికి మిగిలింది ఆవుకో మేకకో పెట్టేయాలి.

నంజుకోవడానికి వేయించిన వడియాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పచ్చిమామిడి ముక్క చాలు. ఎండుచేప తినేవాళ్లు రాత్రే వేయించి కాగితంలో చుట్టుకోండి. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, ఈ వేడికి మూడు గంటల్లో పాడవుతుంది. పిల్లలు చద్దన్నం వద్దంటే వాళ్లకు పులిహోర కట్టండి, చింతపండు ఉన్నది కాబట్టి నిలుస్తుంది.

గోపాల్‌పూర్ నీళ్లలో

పదహారు కిలోమీటర్లే కాబట్టి అందరూ వెళ్లేది అక్కడికే. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, నాలుగు అడుగుల్లోనే లోతు మారిపోతుంది. మోకాలు దాటి దిగకండి, ఈత వచ్చినా సరే. దిగేముందు ఒక ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి అలల్ని చూడండి. తెల్లని నురగ వరసగా విరుగుతున్న చోట్ల మధ్య, అల విరగకుండా, ముదురు రంగులో నున్నగా కనిపించే దారి ఒకటి ఉందా? ఒడ్డు ఇసుక కలిసి మసకగా ఉన్న నీరు, నురగ ముక్కలు ఆ దారినే లోపలికి జారిపోతున్నాయా? ఒడ్డుకు కొట్టిన నీరంతా తిరిగి సముద్రంలోకి పరుగెత్తే కాలువ అది. చూడ్డానికి అదే అన్నిటికంటే నెమ్మదైన చోటులా ఉంటుంది, అందుకే జనం దిగేదీ అక్కడే. ఒకవేళ లాక్కెళితే ఒడ్డుకు ఎదురీదకండి, బలం అయిపోతుంది. ఒడ్డు వెంబడి, పక్కకు ఈదండి. కాలువ వెడల్పు తక్కువే, దాటాక అలలే ఒడ్డుకు తోస్తాయి.

అనుమానం ఉంటే తెప్పల దగ్గరున్న నోలియాలను, అంటే చేపలు పట్టేవాళ్లను అడగండి. వాళ్లు తెలుగువాళ్లే, ఈ తీరమంతా వాళ్ల పల్లెలే. "ఈ వేళ ఎక్కడ దిగొచ్చు బాబూ?" అంటే వేలుపెట్టి చూపిస్తారు. వాళ్లు వద్దన్న చోట దిగకండి.

రుషికుల్య నది మొగలో తాబేలు పిల్లలు

ఈ కాలంలో మన జిల్లాలో ఇంతకు మించిన దృశ్యం లేదు, కానీ చూసే తీరు తెలియకపోతే మనమే వాటి ప్రాణం తీసినవాళ్లం అవుతాం. ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడితే, సుమారు 45 నుంచి 55 రోజులకు పిల్లలు ఇసుక తోసుకుని పైకొస్తాయి. కొన్నేళ్లు గుంపులు అసలు రావు. కాబట్టి ఈ ఏడు వచ్చాయో లేదో పొడంపేట, పురుణబంధ వైపు తెలిసినవాళ్లను అడిగాకే బయల్దేరండి. పిల్లలు రాత్రిపూట, తెల్లవారకముందే వస్తాయి, ఇసుక చల్లగా ఉన్నప్పుడు. సముద్రం మీద మెరిసే వెలుగును చూసి అటు నడుస్తాయి. ఒడ్డున టార్చీ, ఫోను లైటు వెలిగితే దాన్నే సముద్రం అనుకుని ఊరివైపు తిరుగుతాయి, పొద్దెక్కాక ఎండకీ కాకులకీ కుక్కలకీ బలైపోతాయి.

కాబట్టి లైటు వద్దు, ఫ్లాష్ వద్దు. అటవీశాఖ కాపలావాళ్లు నిలబెట్టిన చోటే నిలబడండి, వల కట్టి ఉంటే దాటకండి. అడుగు ఎత్తేముందు కిందికి చూడండి, పిల్ల అరచేతిలో సగం కూడా ఉండదు, రంగు తడి ఇసుకలో కలిసిపోతుంది. ఎత్తి నీళ్లలో వదలకండి, ఒడ్డు మీది ఆ నడక వాటికి అవసరం.

తారాతరిణి, తంపర, రంభ

పురుషోత్తంపూర్ దగ్గర కొండ మీది తారాతరిణి అమ్మవార్లకు 999 మెట్లు. ఆరింటికి ఎక్కడం మొదలుపెట్టి, ఎనిమిదికల్లా దిగేయాలి. ఆ తర్వాత రాయి కాలి వట్టి పాదాలు బొబ్బలెక్కుతాయి. రోప్‌వే, మోటారు రోడ్డు రెండూ ఉన్నాయి, పెద్దవాళ్లను మెట్ల మీద తిప్పకండి. చైత్రమాసం మంగళవారాలు జాతర రద్దీ, పిల్లలతో వేరే రోజు వెళ్లండి.

ఛత్రపురం పక్కన తంపర మంచినీటి చెరువు సాయంత్రాలకు బాగుంటుంది. రంభ వెళ్లి చిలిక సరస్సులో పడవ ఎక్కాలంటే పొద్దున్నే వెళ్లాలి. వలస పక్షులు చలికాలపువి, ఇప్పుడు వాటికోసం వెతకొద్దు. మధ్యాహ్నం దాటాక కాలబైశాఖి భయం ఉంది: వాయవ్యంలో నల్లమబ్బు లేచి, గాలి ఒక్కసారి ఆగి, చల్లని ఈదురుగాలి కొడితే పావుగంటలో వాన, పిడుగు. పడవవాడు తిప్పేస్తానంటే బేరం ఆడకండి. ఉరుము వినిపించిందంటే చెట్టు కింద కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

వడదెబ్బ తగిలితే

తలనొప్పి, వికారం, కాళ్లు పీకడం వస్తే నీడన కూర్చోబెట్టి ఉప్పు పంచదార నీళ్లు గుక్కగుక్కగా ఇవ్వండి. మాట తడబడినా, అడిగినదానికి తికమకగా జవాబిచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి, మంచు సీసా మెడకీ చంకలకీ గజ్జలకీ ఆనించండి. తెలివి తప్పినవాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

దారిలో ముంజలు, ఇంటికొచ్చాక పానకం

తిరుగుదారిలో ముంజలు కొనేటప్పుడు కళ్లముందే కాయ కొట్టించండి. బొటనవేలితో నొక్కితే లోపల నీరు కదలాలి. గట్టిగా తగిలితే ముదిరిపోయింది, పిల్లలకు కడుపునొప్పి. పైపొట్టు వగరు, తీసేయండి. దాని రసం బట్టలకు అంటితే మరక పోదు.

బయల్దేరేముందే ఒక మారేడు పండు పగలగొట్టి, గుజ్జు అర లీటరు నీళ్లలో వేసి ఫ్రిజ్జులో పెట్టి వెళ్లండి. పచ్చదనం పోయి తొడిమ దగ్గర తీపి వాసన వచ్చే పండే తీసుకోవాలి. వచ్చాక చేత్తోనే పిసికి వడకట్టండి. మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదెక్కుతుంది. వందగ్రాముల బెల్లం, కొంచెం మిరియాల పొడి, యాలకులు కలపండి. పాలు, కొబ్బరి కోరు వేసింది మాత్రం అప్పటికప్పుడే తాగేయాలి, సాయంత్రానికి ఉంచకండి.