మంచు విడుతున్న సరస్సులో కయాక్ మీద గాలం వేయడం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సు మీది మంచు ఒక్కరోజులో మాయమైపోదు. ముందు ఒడ్డు వెంట మూరెడు వెడల్పున నల్లటి నీరు కనిపిస్తుంది. తర్వాత వాగులు వచ్చి కలిసేచోట, ఒడ్డులోకి చొచ్చుకువచ్చిన, లోతు తక్కువైన పాయల్లో నీరు బయటపడుతుంది. నడిమధ్యన మాత్రం బూడిదరంగు పలక ఇంకొన్ని రోజులు తేలుతూనే ఉంటుంది. మినియాపొలిస్ పక్కనున్న మినటోంకా వంటి పెద్ద సరస్సు సాధారణంగా ఏప్రిల్ రెండో వారం ప్రాంతంలో పూర్తిగా విడుతుంది, చిన్నవి అంతకంటే ముందే విడుతాయి. మోటారు పడవలు ఇంకా గరాజుల్లోనే ఉండే ఈ కొద్ది రోజులలో, మనిషి ఒక్కడే మోసుకుపోగల, తెడ్డుతో నడిపే సన్నని పడవ కయాక్‌కు మంచి పని దొరుకుతుంది. అయితే ఆ పని మంచు అంచుదాకా వెళ్లి చూసిరావడం కాదు. చేప దొరికేది మంచు అన్నింటికంటే ముందుగా వదిలిపెట్టిన చోట కాబట్టి, మంచు దగ్గరికి పోవలసిన అవసరమే రాకుండా వేట సాగించవచ్చు.

ముందుగా చట్టం సంగతి. ఇక్కడ చేపల లైసెన్సు ఏడాది మార్చి 1న మొదలై ఫిబ్రవరి చివరితో ముగుస్తుంది. నిరుడు వేసవిలో కొన్న లైసెన్సు జేబులో పెట్టుకుని ఏప్రిల్‌లో బయలుదేరేవారు చాలామంది ఈ సంగతి మరచిపోతారు. వాలై, నార్తర్న్ పైక్ చేపల వేట మే నెల మధ్యదాకా మూసి ఉంటుంది. ఏడాది పొడవునా వేటాడదగినవి క్రాపీ, సన్‌ఫిష్ అనే చిన్న చేపలు. క్రాపీలు రోజుకు మనిషికి 10కి మించరాదు. కొన్ని సరస్సులలో పరిమితి ఇంకా తక్కువ కనుక ఆ సరస్సు నియమాన్ని విడిగా చూసుకోవాలి. 10 అడుగులకు మించిన కయాక్‌కు మోటారు లేకపోయినా రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇక చోటు ఎంపిక. నీరు అన్నింటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ వద్ద. అందుకే చలికాలమంతా అడుగున ఆ వెచ్చదనం, పైన మంచు కింద దాదాపు సున్నా డిగ్రీల నీరు ఉంటాయి. మంచు విడిచాక ఈ క్రమం తిరగబడుతుంది. మీటరు, మీటరున్నర లోతున్న, అడుగున నల్లటి బురద ఉన్న పాయలో ఎండ అడుగుదాకా దిగి బురదను వేడెక్కిస్తుంది. మధ్యాహ్నానికి అక్కడి నీరు నడి సరస్సు కంటే కొన్ని డిగ్రీలు వెచ్చబడేసరికి చిన్న చేపలు, వాటి వెనుక క్రాపీలు చేరతాయి. అవి గుడ్లు పెట్టడానికి వచ్చినవి కావు, ఆ కాలం నీరు 15 డిగ్రీలు దాటాక వస్తుంది. ఇప్పుడు వచ్చేది తిండికోసమే. దక్షిణపు ఎండ నేరుగా పడే ఉత్తరపు ఒడ్డు పాయలు ముందుగా విడుతాయి కాబట్టి వాటినే వెతకాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ పాయను వెచ్చబరిచే దక్షిణపు గాలే నడిమధ్యన తేలే మంచు పలకను కూడా తోసుకొచ్చి పాయ ముఖద్వారాన్ని మూసేస్తుంది. ఎకరాల విస్తీర్ణమున్న పలక నడిచే మనిషంత వేగంతోనే కదిలినా దానిని తెడ్డుతో ఆపడం ఎవరి తరమూ కాదు. ఒక ఏప్రిల్‌లో ఎదుటి ఒడ్డున దిగి పాయలోకి తెడ్డు వేసుకుంటూ పోయిన నేను, రెండు గంటల తర్వాత దారి మూసుకుపోవడంతో కయాక్‌ను రెల్లు గడ్డిలోంచి ఈడ్చుకుంటూ రోడ్డు ఎక్కవలసి వచ్చింది. ఆనాటి నుంచి నేను పాటించే నియమం ఇది: కయాక్ దించే చోటూ, గాలం వేసే చోటూ ఒకే పాయలో ఉండాలి, ముఖద్వారం దాటకూడదు. ప్రధాన సరస్సుతో సన్నని కాలువ ద్వారా మాత్రమే కలిసే, పూర్తిగా విడిచిన చిన్న కుంట దొరికితే అంతకంటే మేలైనది లేదు. గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటుతుందని చెబితే, లేదా మధ్యాహ్నం దిశ మారుతుందని చెబితే, నేను ఒడ్డునుంచే గాలం వేస్తాను. తేలే మంచు తాడును పట్టి లాగగలదు కనుక లంగరు వేయకపోవడమే మంచిది. రెల్లు కాడలను చేతికి చుట్టి నిలబెట్టుకుంటే సరిపోతుంది.

దుస్తుల విషయంలో మొహమాటానికి తావులేదు. గాలి 18 డిగ్రీలున్న ఎండపూట పలుచని చొక్కాతో బయలుదేరాలనిపిస్తుంది, కానీ మనిషి పడేది గాలిలో కాదు, నీటిలో. చలి శరీరంపై చూపే ప్రభావాన్ని పరిశోధించిన మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 లెక్కను గుర్తుంచుకోవాలి: మొదటి 1 నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది, ఆ తర్వాత చేతులు కాళ్లు పనికివచ్చేది సుమారు 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పేది దాదాపు 1 గంటకు. అంటే మనిషిని ముంచేది తరచుగా చలి కాదు, మొదటి నిమిషంలో మింగే నీరు. దానికి మందు లైఫ్ జాకెట్ ఒక్కటే. పడవలో పెట్టుకోవడం కాదు, తొడుక్కుని జిప్పు వేసుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలో నవంబరు 1 నుంచి మే 1 వరకు 21 అడుగులకు లోపు పడవలలో దాన్ని ధరించడం చట్టరీత్యా తప్పనిసరి. జాకెట్ కింద మెడ, మణికట్టు దగ్గర నీరు చొరనివ్వని డ్రైసూట్, దాని లోపల ఉన్ని దుస్తులు వేసుకోవాలి. నూలు బట్ట తడిస్తే వెచ్చదనం ఇవ్వదు. డ్రైసూట్ ఖరీదైనదే, అది లేనివారు మే నెలదాకా ఆగడం ఉత్తమం. లోతు భుజాలదాకానే కదా, నిలబడి బయటపడవచ్చు అనుకోవద్దు: చేపకు నచ్చే ఆ నల్ల బురదలోనే కాళ్లు మోకాళ్లదాకా దిగబడతాయి. ఫోను నీరు చొరని సంచిలో జాకెట్‌కే కట్టి ఉండాలి; ఎక్కడ దిగుతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగివచ్చేదీ ఇంట్లో చెప్పిపోవాలి.

గాలం పని ఇంతకంటే సులువు. మన ఊళ్లలో చెరువుగట్టు మీద కూర్చుని బెండు కట్టి గాలం వేసినవారికి ఇది కొత్తగా అనిపించదు. 4 పౌండ్ల బరువును తట్టుకునే సన్నని దారం, ఔన్సులో 32వ వంతు బరువున్న చిన్న జిగ్ (తలకు బరువు పోతపోసిన కొక్కెం), దానికి రెండు మూడు అడుగుల పైన బెండు. ఎరగా చిన్న చేపపిల్ల గానీ మైనపు పురుగు గానీ చాలు. ఉదయం తొందరపడి వెళ్లవద్దు, మధ్యాహ్నం రెండు దాటాకే పాయ వెచ్చబడుతుంది. విసిరి, అలాగే వదిలేయాలి. చల్లని నీటిలో క్రాపీ వెంటాడదు; బెండు మునగకుండా పక్కకు వాలినా, కాస్త పైకి లేచినా చేప అందుకున్నట్టే. దాని పెదవి పలుచన కనుక గట్టిగా గుంజకుండా నెమ్మదిగా ఎత్తాలి. కడ్డీకున్న రింగుల్లో మంచు పేరుకుంటే దాన్ని నీటిలో ముంచి కరిగించాలి, గోటితో గీకితే దారం తెగుతుంది.

తిరిగివచ్చాక కయాక్ బిరడా తీసి నీరంతా వంపేసి, అంటుకున్న నాచును ఒడ్డునే తీసివేయాలి. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప వంటి బయటి జీవులు ఒక సరస్సు నుంచి మరోదానికి పాకకుండా ఇక్కడ ఇది చట్టం. మిగిలిన ఎర చేపలను సరస్సులో వదలకుండా చెత్తబుట్టలో వేయాలి. డ్రైసూట్‌ను తిరగేసి ఆరబెట్టి, మెడ దగ్గరి రబ్బరు పట్టీలో చీలిక ఉందేమో మళ్లీ బయలుదేరేముందు వెలుతురులో పెట్టి చూసుకోవాలి.