విండోస్ 11కి మారాలా, ఆగాలా? ఒడిశా సరిహద్దు ఊళ్లలోని షాపులకూ ఇళ్లకూ

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, పని చేస్తుంది. కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిదిద్దే ప్యాచ్‌లు మాత్రం మామూలుగా రావు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నెట్ సెంటరో డీటీపీ షాపో నడిపేవాళ్లకు "లెవెన్ వేయించేద్దామా?" అన్న ప్రశ్న ఇక తప్పదు. దానికి జవాబు ప్రాసెసర్‌లో సగమే దొరుకుతుంది. మిగతా సగం మెషీన్ వెనక గుచ్చిన వైర్ల అవతలి కొసన ఉంటుంది: వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్, పదేళ్ల నాటి ప్రింటర్, ఒడియా సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి గుచ్చే డాంగిల్.

ముందు మెషీన్ సంగతి

స్టార్ట్ నొక్కి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. అందులో ప్రాసెసర్, బయోస్ మోడ్, సెక్యూర్ బూట్ స్టేట్, సిస్టమ్ టైప్ అనే నాలుగు లైన్లు చాలు.

ఇంటెల్‌లో 8వ తరం నుంచి పైకి విండోస్ 11కి పనికొస్తాయి. ఐ5-8250యు అంటే 8వ తరం, సరే. ఐ5-7200యు అంటే 7వ తరం, కుదరదు. నాలుగంకెల పేరు చూసి తొందరపడితే ఒకచోట పొరపాటు జరుగుతుంది: ఐ3-1005జీ1 ఒకటో తరం కాదు, పదో తరం. పెంటియం, సెలెరాన్ పేర్లతో తరం తేల్చడం కష్టం. ఏఎండీలో సాధారణంగా రైజెన్ 2000 సిరీస్ నుంచి పైకి అంటారు గానీ, అదే సిరీస్‌లోని 2200జీ, 2400జీ జాబితాలో లేవు. అందుకే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ ఒకసారి నడపండి. కుదరదంటే ఏ కారణంతో కుదరదో కూడా చెబుతుంది. ప్రాసెసర్ అని చెబితే అక్కడితో ఆపేయొచ్చు. టీపీఎం (రహస్య తాళాలు దాచే భద్రతా చిప్) అనో సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్‌ను లేవనిచ్చే సెట్టింగ్) అనో చెబితే ఇంకా ఆశ ఉంది.

టీపీఎం 2.0 చాలా మెషీన్లలో ఉంటుంది, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ వెతికి ఆన్ చేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో సెక్యూరిటీ ప్రాసెసర్ వివరాల్లో స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపించాలి. 1.2 అని ఉంటే చాలదు.

బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే అసలు పని అక్కడ మొదలవుతుంది. లెగసీ అంటే మెషీన్ బూట్ అయ్యే పాత పద్ధతి, యూఈఎఫ్ఐ అంటే కొత్త పద్ధతి. విండోస్ 11కి యూఈఎఫ్ఐ కావాలి. బయోస్‌లోకి వెళ్లి లెగసీని యూఈఎఫ్ఐగా మార్చేస్తే సరిపోదు. డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్నంతకాలం మెషీన్ బూట్ కాదు. భయపడక్కర్లేదు, మళ్లీ లెగసీ పెడితే మామూలుగా లేస్తుంది. డిస్కును జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్‌2జీపీటీ అనే టూల్ ఉంది. అది డేటా చెరపదు. కానీ మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉన్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా ఒప్పుకోదు. అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లలో సీ, డీ, ఈ డ్రైవులు కోసి ఇవ్వడం అలవాటు కదా, ఆ డీ, ఈ తరచూ ఎక్స్‌టెండెడ్‌లోనే ఉంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే వాటి చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తుంది. వాటిలోని డేటా బయటి డిస్కుకు కాపీ చేసి, ఆ పార్టిషన్లు తీసేశాకే టూల్ నడుస్తుంది.

ఇంకో చిక్కు పాత గ్రాఫిక్స్ కార్డుతో వస్తుంది. జీటీ 210, జీటీ 610 కాలం నాటి కార్డుల్లో చాలావాటికి యూఈఎఫ్ఐలో బొమ్మ చూపే సత్తా లేదు. బయోస్‌లో లెగసీని నడిపించే సీఎస్ఎం ఆఫ్ చేయగానే తెర నల్లబడి, బోర్డు పోయిందేమో అనిపిస్తుంది. కార్డు పీకి మానిటర్ వైరును బోర్డు మీది పోర్టుకే పెట్టండి.

పాత డెస్క్‌టాప్ అయితే ఇవన్నీ మొదలుపెట్టకముందే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, మార్చేయండి. అది నీరసపడితే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బయోస్ తన మామూలు సెట్టింగ్స్‌కి వెళ్లిపోతుంది. నిన్నటిదాకా లేచిన మెషీన్ ఇవాళ బూట్ డివైస్ లేదంటుంది. వానాకాలంలో గంటకోసారి లైను పోయే ఊళ్లలో "లెవెన్ వేశాక పాడైంది" అన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఈ బిళ్లనే. తేదీ వెనక్కి వెళ్లిపోయి ఉంటే అనుమానమే అక్కర్లేదు.

ర్యామ్ 4 జీబీ, స్టోరేజ్ 64 జీబీ చాలని కాగితం మీద ఉంటుంది. కాగితం మాట నమ్మి 4 జీబీతో, తిరిగే హార్డ్ డిస్కుతో లెవెన్ వేస్తే క్రోమ్ తెరుచుకునేలోపు కస్టమర్ పక్క షాపుకు పోతాడు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ లేకుండా మారొద్దు. 6వ, 7వ తరం మెషీన్ అయినా ఎస్‌ఎస్‌డీ వేయించడం వృథా కాదు. విండోస్ 10లోనే ఉన్నా దాని ఫలితం ఆ రోజే తెలుస్తుంది.

వైర్ల అవతలి కొస

సిస్టమ్ టైప్ దగ్గర ఎక్స్86 అని ఉంటే మీది 32-బిట్ విండోస్. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు. కాబట్టి అప్‌గ్రేడ్ ఉండదు, కొత్తగా వేయాలి. ప్రతి పరికరానికీ 64-బిట్ డ్రైవర్ కూడా వెతకాలి. మామూలు 32-బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ 32-బిట్ డ్రైవర్లు నడవవు. అంతకంటే పాతవైన 16-బిట్ ప్రోగ్రాములు అసలు తెరుచుకోవు.

కౌంటర్ మీద ఉన్న ప్రతి పరికరం వెనక చీటీ మీది మోడల్ నంబరు రాసుకోండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కానన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత ప్రింటర్లు, డాట్ మ్యాట్రిక్స్, స్కానర్, మంత్రా లేదా మార్ఫో వేలిముద్ర పరికరం, సంతకం టోకెన్, ఏదీ వదలొద్దు. కంపెనీ సైట్‌లో 64-బిట్ డ్రైవర్ దించి ముందే ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. వేలిముద్ర పరికరానికి డ్రైవర్ ఒక్కటే చాలదు, ఆధార్‌కు వేలిముద్ర పంపే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం కూడా కొత్త విండోస్‌లో మళ్లీ వేసుకోవాలి. పరికరం లైటు వెలిగినంత మాత్రాన ఆధార్ ధృవీకరణ జరుగుతుందనుకోవద్దు.

డ్రైవర్ దొరికినా ఒక్కోసారి లెవెన్ దాన్ని లోపలికి రానివ్వదు. కారణం డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ, అంటే ప్రమాదమనిపించే డ్రైవర్లను అడ్డుకునే రక్షణ. కొత్తగా వేసిన లెవెన్‌లో, తగిన మెషీన్లపై, ఇది తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. పాత డాంగిల్ డ్రైవర్లు ఎక్కువగా దీని దగ్గరే ఆగిపోతాయి. దీన్ని ఇప్పుడే పరీక్షించొచ్చు. విండోస్ 10లోనే డివైస్ సెక్యూరిటీకి వెళ్లి మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ చేయబోతే, పడని డ్రైవర్లుంటే వాటి పేర్లతో జాబితా చూపిస్తుంది. జాబితాలో మీ అన్నం పెట్టే పరికరం ఉంటే, దానికి కొత్త డ్రైవర్ దొరికేదాకా మారకండి. మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేసి నడపొచ్చు గానీ, భద్రత కోసం మారుతూ భద్రతనే ఆఫ్ చేయడం ఏం పని?

అక్షరాల గొడవ

ఇక్కడి షాపుల్లో ఒకే రోజు ఒడియాలో అర్జీ, తెలుగులో పెళ్లి శుభలేఖ, పాతపట్నం వైపు నుంచి వచ్చినాయనకు మీభూమి ప్రింటు తీయాలి. కొత్తగా వేసిన లెవెన్‌లో తెలుగుకీ ఒడియాకీ నిర్మలా యూఐ ఫాంట్ ఉంటుంది. గౌతమి, వాణి, ఒడియాకి కళింగ మాత్రం విడిగా వేసుకోవాలి. పాత వర్డ్ ఫైలులో గౌతమి వాడి ఉంటే అక్షరాలు కనిపిస్తాయి గానీ వేరే ఫాంట్‌లోకి మారి, లైన్లు జరిగి, ఒక పేజీ అర్జీ రెండో పేజీలోకి పాకుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్‌లో వ్యూ ఫీచర్స్ నొక్కి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్, ఒడియా సప్లిమెంటల్ ఫాంట్స్ టిక్ పెట్టండి. దీనికి నెట్ కావాలి.

పేజ్‌మేకర్‌తో అను ఫాంట్లు వాడేవాళ్లు పాత విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. ఈ ఫాంట్లు యూనికోడ్ (ఏ మెషీన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఫాంట్ ఒక్కటి తప్పిపోయినా శుభలేఖ మొత్తం ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలైపోతుంది. సాఫ్ట్‌వేర్ అసలు సీడీ, డాంగిల్, సీరియల్ నంబరు చేతిలో లేకపోతే ఈ మెషీన్ జోలికి వెళ్లకండి. దాన్ని నెట్ లేకుండా డీటీపీకే వదిలేసి, ఆన్‌లైన్ పనికి ఇంకో మెషీన్ పెట్టుకోవడం మంచిది.

ఆగేవాళ్లకు

మెషీన్ కుదరకపోయినా, పరికరం కుదరకపోయినా ఈఎస్‌యూ అనే పొడిగింపు ఉంది. 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు అందుతాయి. దీనికి విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ నౌ అని కనిపిస్తుంది. పీసీ సెట్టింగ్స్‌ను ఖాతాకు సింక్ చేయనిస్తే ఉచితం. కాదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా ఒకేసారి 30 డాలర్లు. ఒకే ఖాతా కింద 10 మెషీన్ల దాకా నడుస్తుంది. ఆఫీసు డొమైన్‌లో ఉన్న కంప్యూటర్లకు ఈ దారి లేదు.

పనికిరాని ప్రాసెసర్ మీద కూడా లెవెన్ ఎక్కించే అడ్డదారులు చాలామంది చూపిస్తారు. ఎక్కుతుంది కూడా. కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ తనంతట తాను రాదు, అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ పూచీ ఇవ్వదు. కోర్ 2 డ్యుయో కాలపు మెషీన్లలో 24హెచ్2 వెర్షన్ బూటే కాదు. ఇంట్లో పిల్లల మెషీన్ మీద చేసుకోండి, డబ్బు తిరిగే కౌంటర్ మీద వద్దు. ఇంకా విండోస్ 7 మీదే ఉన్నవాళ్లకు మాత్రం ఆగమని చెప్పలేం. క్రోమ్ 109 దగ్గరే దానికి తలుపు మూసేసింది, 2020 జనవరి నుంచి అప్‌డేట్లూ లేవు.

మారేటప్పుడు

ఉన్న డిస్కు మీదే అప్‌గ్రేడ్ చేయకుండా, వేరే ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగా వేయడం అన్నిటికంటే క్షేమం. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో సెటప్ తయారు చేసుకోండి. 5 జీబీ పైన డేటా లాగుతుంది కాబట్టి ఫోను హాట్‌స్పాట్ మీద పెట్టొద్దు. ఒకసారి చేసిన పెన్‌డ్రైవ్ షాపులోని మెషీన్లన్నిటికీ సరిపోతుంది.

మెషీన్ ఆపి, పాత డిస్కు రెండు వైర్లూ తీసేయండి. తీయకపోతే సెటప్ బూట్ ఫైళ్లను పాత డిస్కులో పెట్టే ప్రమాదం ఉంది, తర్వాత అది పీకితే కొత్తది లేవదు. యూఈఎఫ్ఐలో బూట్ చేసి ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీద వేస్తే అదే జీపీటీగా మారుతుంది, పైన చెప్పిన ఎంబీఆర్ తలనొప్పి ఉండదు. ప్రొడక్ట్ కీ అడిగినచోట నా దగ్గర లేదు అని ఎంచుకోండి. అంతకుముందు విండోస్ 10 అసలుదై యాక్టివేట్ అయి ఉంటే, అదే ఎడిషన్ వేసినప్పుడు నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్నచోట ప్రో వేస్తే కాదు.

పని మొత్తం యూపీఎస్ మీదే జరగాలి. దాని బ్యాటరీ నిలబడుతుందో లేదో ముందు రోజే ప్లగ్ పీకి చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ గుచ్చే ఉంచండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే 24హెచ్2 కొత్త ఇన్‌స్టాల్‌లో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేని తాళం పడుతుంది. దాని రికవరీ కీ 48 అంకెలు, మీ ఖాతాలో ఉంటుంది. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి షాపులో కాక ఇంట్లో పెట్టుకోండి. రేపు బోర్డు మార్చినా, బయోస్‌లో టీపీఎం చెదిరినా మొదట అడిగేది అదే. ఇంకెవరి ఖాతాతోనో లాగిన్ చేయించుకుంటే ఆ కీ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. వేసిపెట్టే కుర్రాడి ఖాతాతో అసలు చేయించకండి.

ఉన్న డిస్కు మీదే అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు వెనక్కి వెళ్లడానికి 10 రోజులే గడువు, సెట్టింగ్స్‌లో రికవరీ పేజీలో గో బ్యాక్ ఉంటుంది. ఆ లోపల డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్ ఫోల్డర్ తీసేస్తే ఆ దారీ పోతుంది. వేరే ఎస్‌ఎస్‌డీ మీద వేసినవాళ్లకు గడువు లేదు. పాత డిస్కు గుచ్చి, బయోస్ లెగసీలో ఉండేదైతే లెగసీకి మార్చి ఆన్ చేస్తే పాత విండోస్ లేస్తుంది. ఒక వేలిముద్ర ధృవీకరణ, ఒక సంతకం అప్‌లోడ్, ఒక ఒడియా అర్జీ, ఒక శుభలేఖ, ఒక నెలాఖరు జీఎస్టీ రిటర్న్ కొత్తదాని మీద పూర్తయ్యేదాకా ఆ పాత డిస్కును ఫార్మాట్ చేయొద్దు, అమ్మొద్దు.