విశాఖ చుట్టుపక్కల రైతుల దగ్గర ఏ కాలం పూలు ఆ కాలంలో కొనడం ఎలా?

మా పిన్ని కూతురి పెళ్లి మే నెలలో. ఫోన్‌లో ఫొటో చూపించి, మండపానికి తెల్ల చామంతులే కావాలంది. ఎక్కడినుంచో పెట్టెల్లో దిగిన పూలు ముహూర్తానికి ముందే అంచులు కమిలిపోయాయి. ఆ రోజు ఆడవాళ్ల జడల్లో మల్లెలు మాత్రం భోజనాలయ్యాక కూడా ఘుమఘుమలాడుతూనే ఉన్నాయి. అందుకే మొదటి పని: ఫొటో పక్కన పెట్టి తేదీ చూసుకోండి.

చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రులు పొడవవ్వాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు దాని కాలం. మల్లె మార్చి నుంచి జూన్ దాకా. బంతి దసరా నుంచి సంక్రాంతి వరకు దండిగా దొరుకుతుంది. వానల్లో లిల్లీ కాడలు, కోడిజుట్టు పూలు చూడండి. మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలు, శ్రావణ శుక్రవారాలు వస్తే ఏ పువ్వైనా రేటెక్కుతుంది. వీలైతే ఆ ముందురోజు కొనకండి.

తర్వాత, తెల్లవారకముందే ఆనందపురం పూల మార్కెట్‌కి వెళ్లండి. ఆ మండలంతో పాటు పద్మనాభం, భీమిలి వైపు కూడా పూలు పండిస్తారు. పూర్ణా మార్కెట్లోనూ పూలకు కొదవలేదు గానీ, అక్కడ బయటి ఊళ్ల సరుకూ కలిసి ఉంటుంది. ఎక్కడైనా రెండే ప్రశ్నలు: ఏ ఊరి పూలు, ఎప్పుడు కోశారు? పండించినవాళ్లు ఊరితో పాటు చేను ఏ పక్కనుందో కూడా చెబుతారు. అలా చెప్పినవాళ్ల ఫోన్ నంబరు తీసుకుని, ఒకసారి చేనుకి వెళ్లి రండి.

అసలు బేరం అక్కడే. మనవైపు పూలు ఎక్కువగా దండల కోసం పండిస్తారు కాబట్టి, కాడ లేకుండా విడిగా కోసి కిలోల్లెక్కన అమ్ముతారు. ఫ్లవర్‌వాజ్‌కి మూరెడు కాడతో చామంతి కావాలంటే, “మొక్క పాడైపోద్దమ్మా” అంటారు. అది నిజమే. కాడతో పాటు రేపు పూయాల్సిన పక్క మొగ్గలూ పోతాయి. కాబట్టి కిలో రేటు అడగకండి, కాడకింత అని మాట్లాడుకోండి. పొడవు చేత్తో చూపించండి. లిల్లీకి కింది రెండు పూలు విచ్చుకున్నప్పుడు, గ్లాడియోలస్‌కి కింది మొగ్గల్లో రంగు కనిపించగానే కోయమనండి, మిగతావి నీళ్లలో విచ్చుకుంటాయి. బంతి, చామంతి మాత్రం చేనులోనే పూర్తిగా విచ్చుకోవాలి. కోత ఎండెక్కకముందే అయిపోవాలి. మన ఉక్కపోతకి తొమ్మిది దాటితే కాడ వాలిపోతుంది.

ఎక్కువ పూలు కావాలంటే మూడు నెలల ముందే చెప్పాలి. బంతి నారు పెరగడానికి దాదాపు నెల, నాటాక పూతకి రావడానికి మరో యాభై, అరవై రోజులు పడుతుంది. కొంత అడ్వాన్సు ఇస్తే మీ కోసం ఒక మడి వేస్తారు. వానకి పూత దెబ్బతింటే ఎవరిది నష్టమో కూడా ముందే మాట్లాడుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

తెచ్చేటప్పుడు కాడల్ని నీళ్ల బకెట్లో నిలబెట్టండి. పెళ్లి సామానంతా ఒకే ఆటోలో వేసి, పండిన అరటి గెలల పక్కన పూలు పెడుతుంటారు, అది తప్పు. పళ్లు మాగేటప్పుడు వచ్చే ఇథిలీన్ వాయువుకి పూలు త్వరగా వాడిపోతాయి.

ఇంటికొచ్చాక కాడ చివర అంగుళం ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయండి. నీళ్లు రోజూ మార్చాలి. బంతి కాడలున్న నీళ్లు మర్నాటికే కంపు కొడతాయి, వాటికి వేరే కుండీ పెట్టండి. మల్లెల్ని మాత్రం నీళ్లలో వేయకండి, తడిగుడ్డలో వదులుగా చుట్టి నీడన ఉంచితే చాలు.