మామిడి అంటు పట్టలేదా? సమస్య - పరిష్కారం

మామిడికి అంటు కట్టాక రెండు మూడు వారాల్లో మొగ్గ కదలాలి. కదలకపోతే అందరూ కట్టిన చేతిని అంటారు. నేను మాత్రం ముందు పుల్లనే, అంటే మంచి రకం చెట్టు నుంచి కోసి టెంక మొక్కకు (టెంక నుంచి మొలిచిన మొక్కకు) అతికించే కొమ్మముక్కనే, చూస్తాను.

పది రోజులకే పుల్ల నల్లబడి ఎండిపోయింది

పుల్లను సిద్ధం చేయకుండా కోశారన్నమాట. బంగినపల్లి చెట్టు మీద మూడు నాలుగు నెలల వయసున్న, పెన్సిల్ లావు కొమ్మను ఎంచుకోండి. కోతకు 7-10 రోజుల ముందే తొడిమలు ఉంచి ఆకులు కత్తిరించేయాలి. వేలు తగిలితే తొడిమలు రాలిపోతూ, కొన మొగ్గ వడ్లగింజలా ఉబ్బినప్పుడే కోయాలి. ఆకులతో ఉన్న కొమ్మను అప్పటికప్పుడు కోసి కడితే, మొగ్గ మేలుకునేలోపే పుల్లలో తడి ఆరిపోతుంది. కోసిన పుల్లల్ని తడి గోనెగుడ్డలో చుట్టి, వీలైతే అదే రోజు కట్టేయండి.

పుల్ల పచ్చగానే ఉంది, చిగురు లేదు

గోటితో కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఇంకో పది రోజులు ఆగండి. దయచేసి అతుకు చుట్టూ కట్టిన పట్టీ విప్పకండి, అతుక్కుంటున్నది కాస్తా ఊడిపోతుంది.

చిగురు వేసి వాడిపోయింది

ఇది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పుల్లలో దాచుకున్న బలంతో చిగురు వచ్చింది, కానీ కింద నుంచి నీరు అందలేదు. టెంక మొక్క లావు, పుల్ల లావు సమానంగా లేకపోతే, పుల్లను మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిపి, ఆ పక్కనైనా బెరడు కింది పచ్చపొరలు కలిసేలా పెట్టాలి. కోత 3-4 సెంటీమీటర్లు, ఒకే ఊపులో, నున్నగా రావాలి. మొద్దు కత్తితో అది సాధ్యం కాదు. సొన అంటిన కత్తిని ప్రతి మొక్కకూ తుడవండి. ఎండాకాలం వదిలేసి, గాలిలో తేమ ఉండే జూన్-సెప్టెంబరు మధ్య కట్టండి. పైన పాలిథిన్ తొడుగు వేసి, చిగురు రాగానే తీసేయండి.

అతుకు దగ్గర నడుం నొక్కేసినట్టుంది

పట్టీ విప్పడం మరిచిపోయారు. అంటు గట్టిపడ్డాక, రెండు మూడు నెలల్లో బ్లేడుతో నిలువుగా కోసి తీసేయాలి.

మొక్క ఏపుగా ఉంది, కానీ ఆకు తీరు వేరు

చిగురు అతుకు కింద నుంచి వచ్చిందేమో వంగి చూడండి. అలా వస్తే అది టెంక మొక్కదే. వదిలేస్తే పైనున్న బంగినపల్లిని చంపేసి, ఏళ్ల తర్వాత ఏదో పీచుకాయ కాస్తుంది. కనబడగానే మొదలంటా గిల్లేయండి. నాటేటప్పుడు అతుకు మట్టిలో పూడకుండా, నేలకు జానెడు ఎత్తున ఉండాలి.