దసరా సేల్‌కి ముందు వెబ్‌సైట్ టీమ్‌కి కొన్ని జాగ్రత్తలు

పండగ సేల్ ముందు టీమ్‌ని ముంచేది బగ్గుల (సైట్‌లోని తప్పుల) కన్నా, వాటి కబురు నాలుగు దిక్కుల నుంచి రావడం. క్లయింట్ వైపు ఓనరుగారు వాట్సాప్‌లో, మేనేజరు మెయిల్లో, ఓనరుగారి అబ్బాయి ఫోన్లో చెప్తారు. ఓసారి బ్యానర్ రంగు మాకు ఒకే రోజు మూడుసార్లు మారింది. ఇద్దరు చెప్పారు, ఇద్దరూ రాసివ్వలేదు.

అందుకే ముందుగా అన్నీ ఒకచోట చేర్చండి. జిరా, రెడ్‌మైన్ లాంటి పనులు నమోదు చేసే టూల్ అయినా, ఉత్త గూగుల్ షీట్ అయినా సరే. ఏ టూల్ అని వారం రోజులు కొట్టుకోవద్దు. క్లయింట్ చేత వాట్సాప్ మాన్పించాలని చూడకండి, మానరు. మన వైపు ఒకరు ఆ మెసేజ్‌ని టికెట్‌గా (నంబరుతో నమోదైన పనిగా) మార్చి, నంబరు ఆయనకే తిరిగి పంపాలి. వాళ్ల వైపు ఆఖరి మాట చెప్పేది ఎవరో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

"బటన్ పనిచేయట్లేదు" అంటే టికెట్ కాదు. పేజీ లింకు, ఫోన్, బ్రౌజర్, ఏం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఎన్ని గంటలకి అన్నవి ఉండాలి. టైమ్ తప్పనిసరి, లాగ్స్‌లో (సర్వర్ రాసుకునే రికార్డుల్లో) వెతకాల్సింది దాంతోనే. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మన గడియారానికి 5:30 గంటలు వెనక చూడాలి. సేల్ మొదలయ్యే టైమ్‌ని కూడా అక్కడే సరిచూడండి. లేకపోతే అర్ధరాత్రి 12కి తెరవాల్సిన సేల్ తెల్లవారి 5:30కి తెరుచుకుంటుంది.

బగ్ ఎంత పెద్దది, ఎంత తొందర అన్నవి రెండు వేరు ప్రశ్నలు. హోమ్ పేజీలో పాత లోగో చిన్న తప్పే, కానీ ఈరోజే మార్చాలి. ఎవరూ తెరవని రిపోర్ట్ పేజీ పూర్తిగా ఆగిపోయినా, పండగయ్యాక చూడొచ్చు. "చిన్న మార్పే కదండీ" అని వచ్చేవాటిని బగ్గుల్లో కలపకుండా వేరే లేబుల్ కింద పెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పేమెంట్‌కి ఇవ్వండి. యూపీఐలో డబ్బు కట్ అయ్యాక కస్టమర్ మన సైట్‌కి తిరిగి రాకుండానే మూసేయొచ్చు. అప్పుడు ఆర్డర్ సంగతి వెబ్‌హుక్ మీదే, అంటే డబ్బు అందిందని పేమెంట్ కంపెనీ మన సర్వర్‌కి నేరుగా పంపే కబురు మీదే ఆధారపడుతుంది. అది ఆలస్యంగా రావచ్చు, ఒకటే రెండుసార్లు కూడా రావచ్చు. రెండుసార్లు పంపి చూడండి, ఆర్డర్ ఒక్కటే పడాలి. టెస్ట్ మోడ్‌తో ఆపకుండా, లైవ్‌లో నిజం డబ్బుతో ఓ చిన్న వస్తువు కొని రీఫండ్ దాకా వెళ్లండి.

సేల్‌కి వారం ముందు కోడ్ ఫ్రీజ్. కొనుగోలు ఆగిపోయే బగ్ తప్ప ఇంకేదీ లైవ్‌కి పోకూడదు. ఆయుధపూజ నాడు లాప్‌టాప్‌కి బొట్టు పెట్టుకోండి కానీ కొత్త కోడ్ డిప్లాయ్ చేసి లైవ్‌లో పెట్టకండి. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం కూడా ఒకసారి నిజంగా చేసి చూడాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.

టికెట్ మూసేది కోడ్ రాసినవాళ్లు కాదు, చెప్పినవాళ్లే. "మా దగ్గర బాగానే ఉంది" అనే ముందు, కాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు) ఖాళీ చేసి, చెప్పినవాళ్లు వాడే ఫోన్ లాంటిదాంట్లో చూడండి.

సేల్ రాత్రి ఎవరు మేలుకుంటారు, ఎవరు పొద్దున్నే వస్తారు అన్నది ఊళ్లకి టికెట్లు బుక్ చేసుకోకముందే తేల్చుకోండి.