వంశధార వెంట రెండు రోజులు

శ్రీకాకుళం వచ్చినవాళ్లు చాలామంది అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు చేసుకుని సాయంత్రానికి బండెక్కేస్తారు. ఇంకో రెండు రోజులు ఉండండి. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర మొదలుపెట్టి, శాలిహుండం చూసుకుని, ఏటి వెంట పైకి శ్రీముఖలింగం దాకా వెళ్తే ఒకప్పటి రేవు, బౌద్ధుల కొండ, కళింగాన్ని ఏలిన గాంగరాజుల ఊరు ఒకే నీటి మీద ఎలా బతికాయో కళ్లకి కనిపిస్తుంది. రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అది ఆమదాలవలసలో ఉంటుంది.

శాలిహుండం కొండ పొద్దున్నే ఎక్కండి, ఎండెక్కితే పైన ఇటుకలు కాలిపోతాయి. స్తూపాల పునాదుల దగ్గర నిలబడి కిందికి చూస్తే ఏరంతా కనిపిస్తుంది. 1919లో ఈ చోటుని గుర్తించింది గిడుగు రామమూర్తి గారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగే. ఆయన పుట్టింది కూడా ముఖలింగం దగ్గర్లోని పర్వతాలపేటలోనే, 1863లో.

ముఖలింగానికి మాత్రం ఒక పూట సరిపోదు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లూ తిరగాలి. దర్శనం అయ్యాక మధుకేశ్వరుడి గుడిలో రాళ్ల మీద శాసనాలు వెతకండి. ఎదురుగా చూస్తే గీతల్లా ఉంటాయి, అదే ఏటవాలుగా ఎండ పడేటప్పుడు పక్కనుంచి చూస్తే అక్షరాల్లో నీడ నిండి ఒక్కొక్కటీ పైకి తేలుతుంది. నాకు మొదట దొరికింది ఒక్క ‘శ్రీ’, దానికే ఎంత సంబరపడ్డానో! గిడుగు వారు ఈ శాసనాలు చదవడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తనంతట తనే కూడదీసుకుని చదివారు. దయచేసి అక్షరాల మీద సుద్ద, పసుపు రుద్దకండి, నీళ్లు కూడా పోయొద్దు.

శివరాత్రి రోజుల్లో చక్రతీర్థ స్నానాలకి జనం విరగబడతారు, నింపాదిగా చూడాలంటే అప్పుడు వద్దు.

ఇక మనుషులు. రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దాయన్ని “మీ ఊరి చరిత్ర చెప్పండి” అంటే “నాకేటి తెలుసు బాబూ” అనేస్తాడు. “తాతా, 1980 వరదలో నీళ్లు ఎందాకా వచ్చాయి?” అని అడగండి. లేచి మరీ గోడ చూపిస్తాడు, అక్కణ్నుంచి పాత వీధులు, పడవ కట్టే చోటు, ఏరు కోసుకుపోయిన పొలాలు అన్నీ వస్తాయి. ఆయన చెబుతుండగానే నోట్‌బుక్‌లో రాసుకోండి, బస్సెక్కాక రాద్దామనుకుంటే పేర్లన్నీ కలిసిపోతాయి.